స్విచ్‌బోర్డు పక్కన కాస్త చోటు

మైలాపూరులో మా సభ గోడకి నలభై ఒక్క పటాలు.
ఒక్కో మేకూ నేనే కొట్టాను.
మైకుసెట్టు వాణ్ణి, నిచ్చెన ఎటూ నా దగ్గరే ఉంటుందని
ఆ పనీ నాకే అంటగట్టారు.
ఇక ఒక్కదానికే చోటుంది,
ఉత్తరపు గోడకి, స్విచ్‌బోర్డు పక్కన,
కార్తీకం వానలకి సున్నం ఉబ్బే చోట.

ఎవరెక్కుతారని
కాంటీన్ మణవాళన్‌తో ఏటా నాకు పందెం.
ఆయనోడితే సీజనంతా నా కాఫీ లెక్క రాయడు.
నేనోడితే ఆయన రేడియో ఉత్తినే బాగుచెయ్యాలి.
పదకొండేళ్లుగా ఆ రేడియో గణగణా మోగుతోంది.

ఈసారి నా లెక్క చెబుతా.

మోర్సింగ్ అరుణగిరి. రూపాయికి అణా వంతు.
ముప్పై నాలుగేళ్లు పళ్ల మధ్య ఇనుము పెట్టుకుని
మృదంగం అన్నమాటే మళ్లీ అన్నాడు, మెల్లిగా.
తని ఆవర్తనంలో ఆయన వంతు వచ్చేసరికి
జనానికి మాంబళం రైలు గుర్తొచ్చేది.
ముందుపన్ను ఊడిన ఏడు నా చెవిలో అన్నాడు:
"నాదం పలచబడిందయ్యా, కాస్త పెంచు."
పెంచాను.
ఆ ఒక్క సాయంత్రం మృదంగమే ఆయన్ని వెతుక్కుంటూ నడిచింది.
కమిటీ నాకు మెమో ఇచ్చింది.

తంబూరా పద్మాసని. దమ్మిడీ వంతు కూడా లేదు.
ఏ ఆహ్వానంలోనూ ఆమె పేరు అచ్చుపడలేదు.
"తదితరులు" అన్న మాటలో సగం ఆమెదే.
మోకాళ్లు సహకరించక ఆమె మానేసిన ఏడు
శ్రుతి ఒక పెట్టెలోంచి వచ్చింది.
ప్లగ్గు పెట్టింది నేనే.

క్లారినెట్ దేవసహాయం, పులియంతోపు బ్యాండుసెట్టు.
పెళ్లికీ అదే ఎర్రకోటు, శవం వెంటా అదే ఎర్రకోటు.
రోడ్లన్నీ మునిగి విద్వాంసులు రాని ఒక రాత్రి
తలదాచుకోడానికి మా వరండాలోకి వచ్చాడు.
తెర పక్క బూట్లు విప్పి
తడి కోటుతోనే ఇరవై నిమిషాలు తోడి వాయించాడు.
విన్నవాళ్లం పదిహేడుమందిమి.
ఓటున్నవాడు ఒక్కడూ లేడు.

ఇక నేను పందెం కాసింది వీళ్ల మీద:
పెరంబూరు అక్కచెల్లెళ్లు, వకుళ, హేమ.
రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఫిట్టరు కూతుళ్లు.
ఈ ఊళ్లో తెలుగు అందరూ పాడతారు,
వాళ్లు తెలుగులో పాడేవారు.
మాట ఎక్కడ విరవాలో, ఎక్కడ విరిస్తే పాపమో
నాలుక్కే తెలిసినట్టు.
పంతొమ్మిదేళ్లూ వాళ్లది మధ్యాహ్నం పన్నెండుంబావు కచేరీయే.
టికెట్టు లేదు. వచ్చినవాళ్లు చల్లదనానికి వచ్చేవారు,
మూడో వరసలో గురక నా మైకుల్లో పడేది.
వకుళ గొంతుకి కత్తి పడ్డాక
హేమ ఒక్కతే వచ్చింది ఒకసారి.
అక్క అందుకునే చోటల్లా ఆగి
తాళం మాత్రం వేసింది.
ఆ ఖాళీలు కూడా టేపులో ఉన్నాయి, నా దగ్గర.

గురువారం కమిటీ కూర్చుంది.
కీర వడలు రెండు పళ్లేలు లోపలికి వెళ్లాయి.
ఎంపికైంది,
కొత్త ఏసీ ఇప్పించిన దాతగారి మామగారు.
వాళ్లింట్లో ఒకప్పుడు వీణ ఉండేదట.

నిచ్చెన వేశాను.
మేకు దిగింది, సున్నం నా కళ్లలో రాలింది.
పటం కాస్త ఎడమకి వాలిందన్నారు. సరిచేశాను.

సాయంత్రం తలుపులు తీయకముందు
మైకు పరీక్షకి ఏదో ఒకటి పెట్టాలి గదా,
వకుళా హేమల టేపు పెట్టాను,
ఇద్దరూ ఉన్న రోజుది.
ఖాళీ కుర్చీల మీద, నలభై రెండు అద్దాల మీద
ఆ గొంతులు తగిలి వెనక్కి వచ్చాయి.
నీళ్లడబ్బా భుజాన మోస్తున్న కుర్రాడు
గుమ్మంలో ఆగి, దించకుండానే,
"ఎవరన్నా వీళ్లు?" అన్నాడు.
చెప్పాను. వగుళా అన్నాడు.
దిద్దాను. మళ్లీ అన్నాడు.

బల్లమీద మణవాళన్ రేడియో పెట్టేసి వెళ్లాడు.
దానికేమీ జబ్బు లేదు.
అయినా విప్పాలి, మాటంటే మాటే.